మత్తు తర్వాత కామెర్లు వచ్చిన మనిషికి మళ్లీ మత్తు ఇవ్వొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెప్తాను, తప్పుంటే దిద్దండి. మీ అమ్మగారికి 52 ఏళ్లు, కాస్త భారీ మనిషి. పొట్ట మీద హెర్నియాకి పూర్తి మత్తులో ఆపరేషన్ అయింది. ఎనిమిదో రోజు జ్వరం వచ్చి, రెండ్రోజులుండి తగ్గింది. ఎవరూ పట్టించుకోలేదు. అయిదు వారాలకి లోపల పెట్టిన మెష్ (హెర్నియా దగ్గర కుట్టే వల) చీము పట్టిందని మళ్లీ పూర్తి మత్తిచ్చి తీసేశారు. ఈసారి నాలుగో రోజే జ్వరం, ఆరో రోజుకి కళ్లు పచ్చబడ్డాయి, ఎస్‌జీపీటీ (కాలేయానికి తగిలిన దెబ్బ చూపే రక్తపరీక్ష) 1,400 దాటింది. హెపటైటిస్ ఎ, బి, సి, ఇ పరీక్షలన్నీ నెగెటివ్. రెండు నెలల్లో కోలుకున్నారు. ఇప్పుడు పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ చేయాలంటున్నారు. కామెర్లు మత్తు గ్యాస్ వల్లేనని ఒక డాక్టర్, యాంటీబయాటిక్ వల్లని ఇంకో డాక్టర్ చెప్పారు. సర్జన్ ‘ఏం కాదు’ అంటున్నారు. మీ చేతిలో ఉన్న డిశ్చార్జి కాగితంలో మాత్రం మత్తు గురించి ‘జి.ఎ.’ (జనరల్ అనస్థీషియా, అంటే పూర్తి మత్తు) అని రెండక్షరాలే ఉన్నాయి.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆపరేషన్ చేయించుకోవచ్చు. గ్యాస్ అసలు వాడకుండా, నరానికి ఎక్కించే మందులతోనే మత్తిచ్చి చేయించుకోండి. ఈలోపు పాత రెండు ఆపరేషన్ల మత్తు చార్టులు ఎలాగైనా సంపాదించండి. ఎందుకో తెలియాలంటే మిగతాది తీరిగ్గా చదవండి.

నేను ఇరవై ఆరేళ్లుగా మత్తిస్తున్నాను. నేర్చుకునే రోజుల్లో మా థియేటర్లలో ఎర్ర గుర్తున్న వేపరైజరే (మత్తు మందుని ఆవిరి చేసే పరికరం) ఉండేది, అంటే హాలోథేన్ అనే మత్తు మందు. (ఒక్కో మందుకీ ఒక్కో రంగు: హాలోథేన్‌కి ఎరుపు, ఐసోఫ్లూరేన్‌కి ఊదా, సీవోఫ్లూరేన్‌కి పసుపు, డెస్‌ఫ్లూరేన్‌కి నీలం. ఒకదాని సీసా ఇంకోదాంట్లో ఒంపకుండా ఈ ఏర్పాటు.) అందరం గ్యాస్ అంటాం గానీ ఇవన్నీ సీసాల్లో వచ్చే ద్రవాలు. వేపరైజర్‌లో ఆవిరై, ఆక్సిజన్‌తో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. ఆపరేషన్ అయ్యాక చాలావరకు వచ్చిన దారినే, ఊపిరితోనే బయటికి పోతాయి. మిగిలిన కాస్తా కాలేయంలో విరుగుతుంది. గొడవంతా ఆ కాస్త దగ్గరే.

హాలోథేన్ ఒంట్లోకి వెళ్లినదాంట్లో దాదాపు 20 శాతం కాలేయంలో విరుగుతుంది. ఎన్‌ఫ్లూరేన్ అనే ఇంకో మత్తు మందు 2 శాతం పైచిలుకు. ఐసోఫ్లూరేన్ 0.2 శాతం. డెస్‌ఫ్లూరేన్ 0.02 శాతం. మెట్టు మెట్టుకీ ఇంచుమించు పదో వంతుకి పడిపోతుంది చూడండి, కాలేయం దెబ్బతినడం కూడా అదే వరుసలో తగ్గుతూ వస్తుంది. ఈ నాలుగూ విరిగినప్పుడు ఇంచుమించు ఒకే రకం ముక్క పుడుతుంది, ట్రైఫ్లోరోఎసిటైల్ అంటారు (ఎన్‌ఫ్లూరేన్‌ది అచ్చం అదే కాదు, దాన్ని పోలినది). విరిచేది సైటోక్రోమ్ 2ఈ1 అనే ఎంజైమ్. ఆ ముక్క ఊరికే ఉండదు, పక్కనున్న కాలేయపు సొంత ప్రొటీన్లకి అతుక్కుంటుంది. అప్పుడు మన ఒంటి కాపలా వ్యవస్థకి తన ఇంటి మనిషే ముసుగేసుకుని కనిపించినట్టవుతుంది. నూటికి తొంభైతొమ్మిది మందికి పైగా ఒంట్లో కాపలా ఆ ముసుగుని చూసీ చూడనట్టు వదిలేస్తుంది. ఎక్కడో ఒకరి ఒంట్లో మాత్రం శత్రువని ముద్ర వేస్తుంది. మళ్లీ అదే ముసుగు కనపడిన రోజున కాలేయం మీదే దాడి మొదలవుతుంది.

అందుకే ‘డాక్టర్ డోసు ఎక్కువిచ్చారా’ అని మీరడిగిన దానికి నా జవాబు: లేదు. ఇది డోసుతో వచ్చేది కాదు. 1847లో వాడకంలోకి వచ్చిన క్లోరోఫామ్ సంగతి వేరు, అది విరిగితే ఫాస్‌జీన్ పుట్టి కాలేయ కణాల్ని నేరుగా చంపుతుంది. ఎంత ఎక్కువ ఇస్తే అంత నష్టం. హాలోథేన్ రకం జబ్బు అలర్జీకి దగ్గర. సరైన మోతాదులో, సరైన పద్ధతిలో, మంచి చేతిలోనే ఇచ్చినా రావచ్చు.

హాలోథేన్ పాపం చెడ్డ మందేం కాదు. అంతకుముందున్న ఈథర్‌కి నిప్పు తగిలితే థియేటరే అంటుకునేది. 1951లో ఐసీఐ కంపెనీలో చార్లెస్ సక్లింగ్ హాలోథేన్ తయారుచేశాడు. 1956లో మాంచెస్టర్‌లో మైకేల్ జాన్‌స్టన్ రోగులకి ఇచ్చి చూశాడు. మండదు, వాసన తియ్యగా ఉంటుంది, పిల్లలు మాస్కు పెట్టినా గింజుకోరు. కొన్నేళ్లలోనే ప్రపంచమంతా పాకింది. ఆపరేషన్ తర్వాత వారానికి కామెర్లు వచ్చి చనిపోతున్నారన్న కేసులు అక్కడొకటి ఇక్కడొకటి బయటపడేసరికి అమెరికాలో పెద్ద లెక్క తీశారు. 1959 నుంచి 1962 దాకా 34 ఆసుపత్రుల్లో ఇచ్చిన ఎనిమిదిన్నర లక్షల మత్తుల రికార్డులు తిరగేశారు. కాలేయం మొత్తం చచ్చిపోయి మరణించినవాళ్లు 82 మంది. వాళ్లలో చాలామందికి షాక్, ఇన్ఫెక్షన్, గుండె జబ్బు లాంటి వేరే కారణాలు దొరికాయి. ఏ కారణమూ దొరకనివాళ్లు గుప్పెడు మంది మిగిలారు, వాళ్లలో ఎక్కువమందికి ఇచ్చింది హాలోథేన్. అలా లెక్కేస్తే దాదాపు 35,000 హాలోథేన్ మత్తులకి ఒక మరణం. మొత్తం మీద చూస్తే మిగతా మత్తుల కంటే హాలోథేన్‌తో చావులు ఎక్కువేం లేవని కూడా అదే అధ్యయనం తేల్చింది. ఆ రెండో మాట పట్టుకుని చాలామంది మొదటి మాట మర్చిపోయారు. నా గురువులు కూడా.

హాలోథేన్‌తో ఇంకో తేలికపాటి రకం కూడా ఉంది. అయిదుగురిలో ఒకరికి ఎస్‌జీపీటీ కొద్దిగా పెరిగి, రెండు వారాల్లోపు దానంతటదే దిగుతుంది. కామెర్లు రావు, మనిషికి తెలియను కూడా తెలియదు. మీ అమ్మగారిది అది కాదు, 1,400 అంటే తేలిక కాదు.

ఇక రెండోసారే ఎందుకు వచ్చిందంటారా. ముద్ర వేయడం మొదటిసారి జరిగింది, దాడి రెండోసారి జరిగింది. మొదటిసారి వస్తే జ్వరం సాధారణంగా వారం తర్వాత, కామెర్లు ఇంకా ఆలస్యంగా కనిపిస్తాయి. రెండోసారి ఆ గడువు మూడు నాలుగు రోజులకి కుదించుకుపోతుంది. మీరు రాసిన తేదీలు, ముందు ఎనిమిదో రోజు, తర్వాత నాలుగో రోజు, చదవగానే నాకు కుర్చీలో కాస్త ముందుకి జరగాలనిపించింది. ఆడవాళ్లలో మగవాళ్లకంటే ఇంచుమించు రెట్టింపు, నడివయసు, లావు, కొద్ది వారాల తేడాతో రెండో మత్తు: పుస్తకాల్లో రాసిన లక్షణాలన్నీ మీ అమ్మగారిలో ఉన్నాయి. లావుకి దీనికీ ఏం సంబంధమంటే, ఈ మందులు కొవ్వులో కరిగి నిల్వ ఉండిపోయి, రోజుల తరబడి మెల్లగా కాలేయానికి చేరుతుంటాయి. పైగా లావు మనుషుల్లో ఆ ఎంజైమ్ కూడా చురుగ్గా ఉంటుంది.

దీని గురించి నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి ఒక కారణముంది. నేర్చుకుంటున్న రెండో ఏడాదిలో మా దగ్గరికి కాలిన గాయాలతో ఒకావిడ వచ్చారు, నలభై ఏళ్లుంటాయి. డ్రెస్సింగ్ మార్చాలన్నా చర్మం అతకాలన్నా మత్తు కావాలి. రెండో మత్తు తర్వాత జ్వరం వచ్చింది. కాలిన ఒంటికి జ్వరం రాకపోతే ఆశ్చర్యం గానీ వస్తే ఏముంది, గాయం ఇన్ఫెక్షన్ అని రాసుకున్నారు. మూడు వారాలకి మూడో మత్తు. మూడో రోజున కామెర్లు, ఆరో రోజున మగత, తొమ్మిదో రోజున ఆవిడ లేరు. మూడుసార్లూ హాలోథేనే. మూడుసార్లూ ఇచ్చిన డాక్టర్లు మాత్రం వేరు, ఒకరి చార్టు ఇంకొకరు చూడలేదు. మూడోసారి ఇచ్చింది నేను. జ్వరం చార్టునీ మత్తు చార్టునీ పక్కపక్కన పెట్టి చూసుంటే అరనిమిషంలో తెలిసిపోయేది. అప్పటికే 1986లో బ్రిటన్ మందుల భద్రతా కమిటీ స్పష్టంగా చెప్పింది, హాలోథేన్ ఇచ్చిన మూడు నెలల్లోపు మళ్లీ ఇవ్వొద్దని, ఒకసారి ఇచ్చాక కారణం తెలియని జ్వరమో కామెర్లో వస్తే ఇక ఎప్పటికీ ఇవ్వొద్దని. పరీక్ష కోసం నేను దాన్ని బట్టీ పట్టాను కూడా.

ఆ మూడు నెలల మాటని చాలామంది అపార్థం చేసుకుంటారు. అది ఏ ఇబ్బందీ రానివాళ్లకి. ఒకసారి జబ్బు చేసినవాళ్లకి మూడు నెలలు కాదు, ఏళ్లు గడిచినా మళ్లీ ఇవ్వకూడదు. ఒంటికి ఆ జ్ఞాపకం పోదు. 1969లో వచ్చిన ఒక కేసు మా వృత్తిలో అందరికీ తెలుసు. ఒక మత్తు డాక్టరుకి మాటిమాటికీ హెపటైటిస్ వచ్చేది. థియేటర్లో గాలిలో కలిసే హాలోథేన్ మీద అనుమానం వచ్చి, కావాలనే కొద్దిగా పీల్పించి చూశారు. జబ్బు తిరగబెట్టింది. మందు ఇచ్చే మనిషికే ఆ కాస్త ఆవిరి చాలిందంటే ఒంటి జ్ఞాపకం ఎంత గట్టిదో చూడండి. ఇంకోటి 1997 నాటిది, మత్తుతో సంబంధమే లేదు. బెల్జియంలో ఒక ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాళ్లు తొమ్మిది మంది కాలేయం జబ్బు పడ్డారు. క్రేన్ క్యాబిన్‌లోని ఏసీ గొట్టం చిల్లుపడి శీతలీకరణ గ్యాస్ కారుతోంది. ఆ గ్యాస్ విరిగినా అదే ముక్క పుడుతుంది.

సరే, అసలు ప్రశ్న. మీ అమ్మగారికి వచ్చింది నిజంగా గ్యాస్ వల్లేనా? నిజాయితీగా చెప్పాలంటే, ఆపరేషన్ తర్వాత కామెర్లొస్తే గ్యాస్ నా జాబితాలో చివర ఉంటుంది. ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. ఆపరేషన్లో బీపీ బాగా పడిపోయిందా? అప్పుడు కాలేయానికి రక్తం అందక ఎస్‌జీపీటీ ఒకటి రెండు రోజుల్లోనే వేలల్లోకి ఎగిరి, అంతే వేగంగా దిగుతుంది. ఆరో రోజు దాకా ఆగదు. రక్తం ఎక్కించారా, లోపల రక్తం గడ్డకట్టి కరుగుతోందా? అప్పుడు కళ్లని పచ్చబరిచే బిలిరుబిన్ అనే పదార్థం పెరుగుతుంది గానీ ఎస్‌జీపీటీ ఇంతలా పెరగదు. కొందరికి పుట్టుకతో గిల్బర్ట్ అనే చిన్న లోపం ఉంటుంది, ఉపవాసం ఉంటే చాలు కళ్లు కాస్త పచ్చబడతాయి, దానివల్ల హాని లేదు. చీము ఒంటికి పాకినా కామెర్లొస్తాయి. నొప్పికి పారాసెటమాల్ రోజుల తరబడి ఎక్కువ మోతాదులో పడిందేమో కూడా చూడాలి.

యాంటీబయాటిక్ అన్న డాక్టర్ మాట కొట్టిపారేయదగ్గది కాదు. ముఖ్యంగా అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిపిన మాత్రలు కాలేయం విషయంలో పేరుమోసినవి, మందు ఆపాక వారాలకి కూడా కామెర్లు తెప్పిస్తాయి. తేడా తెలుసుకోవడానికి పాత రిపోర్టు తీసి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (పిత్తం అడ్డుపడితే పెరిగే ఎంజైమ్) అంకె చూడండి. ఎస్‌జీపీటీ దాని నార్మల్‌కి ఎన్ని రెట్లుందో, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ దాని నార్మల్‌కి ఎన్ని రెట్లుందో లెక్కేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. అయిదు పైన వస్తే కాలేయ కణాలకి తగిలిన దెబ్బ, గ్యాస్ వైపు మొగ్గు. రెండు కన్నా తక్కువైతే పిత్తం అడ్డుపడిన రకం, అమాక్సిసిలిన్ జోడీ ఎక్కువగా ఇలా చేస్తుంది. పిత్తాశయంలో రాళ్లున్నాయి కాబట్టి రాయి జారి నాళానికి అడ్డుపడిందా అన్నది కూడా ఇదే లెక్కతో కొంత తెలుస్తుంది. అప్పటి స్కాన్‌లో నాళం వాచిందని ఎక్కడైనా రాశారేమో చూడండి. రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే ఒక రకం తెల్లకణాలు) పెరిగాయా, ఒంటి మీద దద్దుర్లు, కీళ్ల నొప్పులు వచ్చాయా అన్నది కూడా అమ్మగారినే అడగండి. ఉంటే అలర్జీ తరహా జబ్బని అనుమానం బలపడుతుంది, అది గ్యాస్ కావచ్చు, మందు కావచ్చు. లేకపోతే గ్యాస్ కాదని మాత్రం కాదు.

రక్తపరీక్ష చేసి గ్యాసో కాదో తేల్చేయొచ్చా అని మీరడిగారు. ఆ ముక్క అతికిన ప్రొటీన్లకి పుట్టే యాంటీబాడీల పరీక్ష ఉంది, కానీ మామూలు ల్యాబుల్లో దొరికేది కాదు, పరిశోధనలకే పరిమితం. దొరికినా అది నెగెటివ్ వస్తే ధైర్యం చెప్పలేను, పాజిటివ్ వచ్చినా పూర్తిగా నమ్మలేను. పిల్లలకి మత్తిచ్చే డాక్టర్లలో అలాంటి యాంటీబాడీలున్న చాలామంది ఏ జబ్బూ లేకుండా తిరుగుతున్నారని ఒక అధ్యయనంలో తేలింది. దాని వెనక పరుగెత్తొద్దు.

ఇది తేలని వ్యవహారంగానే మిగిలిపోవచ్చు. మత్తు డాక్టరుగా నాకు అది తేలాల్సిన అవసరం కూడా లేదు. గ్యాస్ అని అనుమానించి గ్యాస్ మానేస్తే మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. కాదనుకుని మళ్లీ ఇస్తే, తప్పయినప్పుడు చెల్లించాల్సింది మామూలు మూల్యం కాదు. కాలేయ మార్పిడి లేని రోజుల్లో ఈ జబ్బు ముదిరినవాళ్లలో సగానికి పైగా చనిపోయేవారు.

చార్టులో ఏం వెతకాలో చెప్తాను. మత్తు చార్టు డిశ్చార్జి సమ్మరీలో ఉండదు, లోపలి కేస్ షీట్‌లో ఉంటుంది, మెడికల్ రికార్డ్స్ విభాగంలో అర్జీ పెట్టి అడగాలి. అయిదేసి నిమిషాలకి బీపీ చుక్కలు పెట్టిన గళ్ల కాగితం అది. పైన మందుల పేర్లుంటాయి. హాలో, ఐసో, సీవో, డెస్ అని పొట్టి పేర్లు రాసి పక్కన శాతం వేస్తారు. రెండుసార్లూ ఏది వాడారో, బీపీ ఎప్పుడైనా బాగా పడిందో చూడండి. రెండు కాగితాలూ ఫోటో తీసి ఫోన్‌లో దాచుకోండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా.

హాలోథేన్ అని తేలితే నా అనుమానం చాలా బలపడుతుంది. ఐసో, డెస్ అయినా కొట్టిపారేయను. అరుదే, కానీ వాటితోనూ ఇలాంటి కేసులు నమోదయ్యాయి, హాలోథేన్‌తో ఒకసారి ముద్రపడిన ఒళ్లు వీటికీ స్పందించొచ్చు. సీవోఫ్లూరేన్ కాస్త వేరు. అది రెండు నుంచి అయిదు శాతం దాకా విరుగుతుంది గానీ పుట్టేది ఆ ముక్క కాదు, వేరే పదార్థం, దాన్ని కాలేయం చప్పున కట్టిపడేసి మూత్రంలోకి పంపేస్తుంది. అందుకే కొందరు డాక్టర్లు ఇలాంటి రోగికి సీవో ఇస్తామంటారు. వాళ్ల లెక్క తప్పని అనను. సీవో తర్వాత కూడా కాలేయం దెబ్బతిన్న కేసులు ఒకటీ అరా ఉన్నాయి, గ్యాస్ లేకుండా చేసే దారి ఉన్నప్పుడు నేనైతే ఆ దారే పడతాను.

ఆ దారి కొత్తదేం కాదు. ప్రొపోఫాల్ అనే మత్తు మందుని నరానికి పంపుతో నిరంతరంగా ఎక్కిస్తారు, నొప్పికి వేరే మందు కలుపుతారు, ఊపిరి మెషీనే ఇస్తుంది. పిత్తాశయం ఆపరేషన్ చిన్న రంధ్రాలతో చేసినా పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు కాబట్టి పూర్తి మత్తే మేలు, వెన్నులో సూది గురించి పట్టుబట్టొద్దు. మెషీన్లో పాత గ్యాస్ ఆనవాళ్లు మిగులుతాయి కాబట్టి వేపరైజర్లు తీసేసి, గొట్టాలు, కార్బన్ డయాక్సైడ్ పీల్చే సోడా లైమ్ డబ్బా మార్చి, ఎక్కువ ఆక్సిజన్‌తో కాసేపు కడగమని అడగండి. అది అతి జాగ్రత్త అని కొందరు నవ్వొచ్చు. ఆ 1969 డాక్టర్ సంగతి చదివినవాళ్లు నవ్వరు. వాళ్ల లిస్టులో అమ్మగారి కేసు ఉదయం మొదటిదిగా పెట్టమంటే ఈ పని తేలిక.

ఎస్‌జీపీటీ, బిలిరుబిన్, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూపే పరీక్ష) పూర్తిగా నార్మల్ అయ్యాకే తేదీ పెట్టించుకోండి. అయితే పిత్తాశయం చీము పట్టో, రాయి నాళంలో ఇరుక్కునో జ్వరం, చలి మొదలైతే ఎదురుచూడొద్దు, గ్యాస్ భయంతో ఆపరేషన్ ఆపుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

సర్జన్ ‘ఏం కాదు’ అనడంలో తప్పులేదు, ఆయన చూసేది పొట్ట. మీరు మాట్లాడాల్సింది మత్తు డాక్టరుతో. ముందురోజు రాత్రి కాదు, కనీసం వారం ముందు. ‘గ్యాస్ వల్ల కామెర్లొచ్చాయి’ అని తీర్పులా చెప్పకండి, వాదనకి దిగినట్టుంటుంది. ‘ఫలానా తేదీన ఈ గ్యాస్‌తో మత్తు ఇచ్చారు, నాలుగో రోజు జ్వరం, ఆరో రోజు కామెర్లు, ఎస్‌జీపీటీ 1,400, వైరస్‌లు నెగెటివ్’ అని కాగితం చేతిలో పెట్టండి. ఆ ఒక్క వాక్యం చాలు, మిగతాది ఆయనకి తెలుసు. ఇదే వాక్యం చిన్న కార్డు మీద రాసి అమ్మగారి పర్సులో ఎప్పుడూ ఉంచండి. రేపు యాక్సిడెంటై స్పృహ లేకుండా తీసుకెళ్తే మాట్లాడేది ఆ కార్డే.

మీకూ మీ చెల్లెలికీ వస్తుందా అన్నారు. హాలోథేన్ కాలంలో దగ్గరి బంధువులైన ఆడవాళ్లకి జంటలుగా ఈ జబ్బు వచ్చిన సందర్భాలున్నాయి కాబట్టి వారసత్వం పాత్ర కొంత ఉందనే అనుకుంటున్నారు. పరీక్షలేం అక్కర్లేదు, టెన్షన్ పడొద్దు. ఎప్పుడైనా మత్తు అవసరమైతే ‘మా అమ్మకి ఇలా జరిగింది’ అని చెప్పండి, చాలు.

ఆపరేషన్ అయ్యాక నేనైతే మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు కాలేయం పరీక్షలు చేయిస్తాను, గ్యాస్ వాడకపోయినా సరే, ఎందుకంటే యాంటీబయాటిక్ అనుమానం ఇంకా కొట్టేయలేదు. పోయినసారి వాడిన యాంటీబయాటిక్ పేరు కూడా చార్టులోంచి తీసి, ఈసారి అది రాయకుండా చూడమనండి. ఇంట్లో రోజూ రెండుసార్లు జ్వరం చూసి రాసి పెట్టండి. మూడో రోజు దాటాక కొత్తగా జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి పడుకోబెట్టకుండా అదే రోజు ఎస్‌జీపీటీ, ఐఎన్‌ఆర్ చేయించండి. కళ్లు పచ్చబడి, ఐఎన్‌ఆర్ 1.5 దాటి, మనిషి మాట తడబడినా పగలంతా మగతగా పడుకున్నా, కాలేయ మార్పిడి చేసే పెద్దాసుపత్రికి ఆ పూటే తీసుకెళ్లండి, ఎసిటైల్‌సిస్టీన్ అనే కాలేయాన్ని కాపాడే మందు బాగా పనిచేసేది తొలి దశలోనే, మగత ముదరకముందే. చార్టులు దొరికాక ఏ గ్యాసో ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.